గ్యాస్ నింపనన్న మెకానిక్: కరకంబాడి రోడ్డులో కారు ఏసీ షెడ్డు

మాది తిరుపతి. రైల్వే స్టేషన్ దగ్గర పదకొండేళ్ళుగా ట్యాక్సీ నడుపుతున్నాను. బండి నాదే, 2017 మోడల్ డీజిల్ సెడాన్. కాళహస్తి, కాణిపాకం, శ్రీపురం గోల్డెన్ టెంపుల్, వారంలో రెండు మూడుసార్లు కొండ మీదికి. మార్చి నుంచి జూన్ దాకా మా పనిలో ఏసీ బాగుంటేనే బండి, లేకపోతే ఇంట్లో పెట్టుకోవడమే. ఈ ఎండాకాలం ఆ ఏసీతో నేను పడిన అవస్థ, చివరికి కరకంబాడి రోడ్డులోని ఒక షెడ్డులో అది బాగైన తీరు రాస్తున్నాను. నాలాగా గ్యాస్ మీద గ్యాస్ నింపించుకుంటూ డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు మా స్టాండులోనే చాలామంది ఉన్నారు.

షెడ్డుకు పెద్ద పేరేం లేదు. రేకు మీద 'కార్ ఏసీ వర్క్' అని పెయింటుతో రాసి ఉంటుంది. నడిపే ఆయనను అందరూ భాయ్ అంటారు, వయసు యాభై దాటి ఉంటుంది. పక్కన పనికి ఒక కుర్రాడు.

మార్చి ఆఖర్లో మొదలైంది. పొద్దున బాగానే ఉండేది. పదకొండు దాటాక గాలి వచ్చేది కానీ చల్లదనం వచ్చేది కాదు. ఊళ్ళోనే ఒక చోటికి తీసుకుపోతే బానెట్ ఎత్తి, మీటర్ తగిలించి, గ్యాస్ తక్కువుందని ఇరవై నిమిషాల్లో నింపి పంపారు. 1,800 రూపాయలు. రోడ్డెక్కగానే స్టీరింగ్ మీద చేతులు చల్లబడ్డాయి, సంతోషపడ్డాను. సరిగ్గా 24 రోజులు. రెండోసారి ఇంకో చోట 2,200. అక్కడ 'సన్న లీకు ఏదో ఉన్నట్టుంది, లీక్ స్టాప్ డబ్బా ఒకటి పోద్దాం, ఇంకో 700' అన్నారు. ఆ రోజు జేబులో అంత లేక వద్దన్నాను. ఆ గ్యాస్ 11 రోజులు వచ్చింది. మూడో చోట సరిగా చూడనైనా చూడకుండా కంప్రెసర్ పోయిందన్నారు, 14,000 అవుతుందన్నారు. నమ్మాలో వద్దో తెలియక బండి వెనక్కి తెచ్చేశాను.

మే రెండో వారంలో గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయనను, ఆయన భార్యను కాణిపాకం తీసుకుపోతున్నాను. చంద్రగిరి దాటేసరికే లోపల గాలి వెచ్చబడింది. అద్దాలు దించితే వడగాలి, ఎక్కిస్తే ఉక్క. పూతలపట్టు దగ్గర ఒక చింతచెట్టు నీడలో ఆపాను. ఆమె నీళ్ళ సీసాతో తువ్వాలు తడిపి ఆయన తల మీద వేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు అంత కష్టంగా ఉండేది కాదు. తిరిగి వచ్చాక ఆయన మాట్లాడుకున్న డబ్బు మొత్తం చేతిలో పెడితే 500 వెనక్కి ఇచ్చేశాను.

ఆ రాత్రి స్టాండులో నాకంటే చిన్నవాడైన ఒక డ్రైవరు, "కరకంబాడి రోడ్డులో భాయ్ కాడికి పోన్నా. పోయి గ్యాస్ నింపమని మాత్రం అడగొద్దు, కసురుకుంటాడు" అన్నాడు.

నేను మరిచిపోయి అదే అడిగాను. భాయ్ కసురుకోలేదు. "గ్యాస్ సంగతి తర్వాత చూద్దామన్నా. ఎప్పుడెప్పుడు నింపినారు, ఎన్నాళ్ళకు పోయింది, అది చెప్పు" అన్నాడు. చెప్పాను. 24, 11 అని గోడ మీద సుద్దముక్కతో రాసుకున్నాడు. తర్వాత ఇంకో ప్రశ్న. "లీక్ స్టాప్ ఏమన్నా పోసినారా?" లేదంటే తల ఊపాడు. అది పోసిన బండికి ఆయన గ్యాస్ లాగే తన మిషన్ తగిలించడట. అది లోపలికి పోయి గట్టిపడితే కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నటి రంధ్రం మూసుకుపోతుంది, మిషన్ గొట్టాల్లోకి పోతే మిషన్ కూడా పాడవుతుంది. ఆ రోజు జేబులో 700 లేకపోవడం నాకు మంచే చేసింది.

"ఇదేమన్నా డీజిలా అన్నా, బండి తిరిగేకొద్దీ అయిపోయేదానికి? ఉండే గ్యాసే లోపల తిరగతా ఉంటుంది. తగ్గిందంటే యాడో ఒక కాడ దోవ చేసుకున్నట్టే. ఆ దోవ మూయకుండా నింపేది చిల్లు కడవకు నీళ్ళు పోసేదే గదా" అన్నాడు. పదకొండేళ్ళు బండి నడిపి ఈ ముక్క నాకు ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. రబ్బరు గొట్టాల నుంచి ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తగ్గడం మామూలే. పదకొండు రోజుల్లో పోవడం మాత్రం ఆ లెక్కలోకి రాదు.

ఇక ఆయన వెతికిన పద్ధతి. ఇదంతా పక్కనే నిలబడి చూశాను, ఆయన వద్దనలేదు.

ముందు మీటరూ లేదు, మిషనూ లేదు. చిన్న టార్చి, పాత తెల్ల గుడ్డ. పైపుల జాయింట్లన్నీ ఒక్కొక్కటిగా వేలితో తడిమి గుడ్డకు తుడిచి చూశాడు. ఏసీ గ్యాసుతో పాటు కంప్రెసర్‌కు కావలసిన ఆయిల్ కూడా లోపల తిరుగుతుంది. గ్యాస్ బయటికి పోయే చోట ఆ ఆయిల్ కూడా పొటమరిస్తుంది, దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి జిడ్డు మట్టిలా గడ్డకడుతుంది. మిగతా చోట్ల దుమ్ము పొడిగా రాలిపోతుంది. గ్యాస్ నింపే చోట పిన్ వాల్వు దగ్గర అలాంటి జిడ్డు కనిపించింది. దాని మీది ప్లాస్టిక్ మూత లేదు. నింపినవాళ్ళలో ఎవరో తిరిగి పెట్టలేదు. సబ్బు నీళ్ళు ఒక చుక్క వేస్తే మెల్లగా ఒక బుడగ లేచింది.

"దొరికింది కదా భాయ్" అన్నాను. "దొరికింది. అయితే పదకొండు దినాల్లో ఖాళీ చేసేంత దోవ కాదన్నా ఇది" అన్నాడు. ఇక్కడే ఆయన మీద నాకు గురి కుదిరింది. చాలామంది ఆ వాల్వు ఒకటి మార్చి, గ్యాస్ నింపి, డబ్బు తీసుకుని పంపేసేవాళ్ళు.

తర్వాత మిగిలిన గ్యాస్ మిషన్‌లోకి లాగి తూకం వేశాడు. బానెట్ లోపల స్టిక్కర్ మీద గ్యాస్ పేరు ఆర్134ఎ, 400 గ్రాములు అని ఉంది. లోపల ఉన్నది 110. మరి రెండోసారి నింపినచోట మీటర్ చూసి అంతా సరిగ్గా ఉందన్నారే అని అడిగాను. దానికి ఆయన చెప్పిన పోలిక నా మనసులో ఉండిపోయింది. వంటగ్యాస్ సిలిండర్ నిండుగా ఉన్నా, అడుగున కొంచెమే ఉన్నా పొయ్యి మీద మంట ఒకేలా వస్తుంది, చివరి దాకా తేడా తెలియదు. ఇదీ అంతే. బండి ఆపి ఉన్నప్పుడు లోపల కొంచెమైనా ద్రవంగా మిగిలి ఉంటే మీటర్ చూపించేది బయటి వేడిని బట్టి ఉంటుంది. 35 డిగ్రీల దగ్గర దాదాపు 115 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) చూపిస్తుంది. 400 గ్రాములున్నా అదే, సగం ఉన్నా అదే. అందుకే ఆయన ఎంత ఉందన్నది తూకంతోనే తేల్చుకుంటాడు, మీటరును వేరే పనులకు వాడతాడు.

ఆ 110 గ్రాములు కూడా గాల్లోకి వదల్లేదు, సిలిండర్‌లో పట్టాడు. ఇంటికి పోయి చెబితే డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, ఈ గ్యాస్ బొగ్గుపులుసు వాయువు కంటే 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుందని, దీన్ని తగ్గించుకుంటూ పోవాలని 2016లో రువాండాలోని కిగాలిలో దేశాలన్నీ ఒప్పందం చేసుకుంటే మన దేశం 2021లో ఆమోదించిందని చెప్పింది. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. 400 గ్రాములు గాల్లో కలిస్తే దాదాపు 210 లీటర్ల డీజిల్ కాల్చినంత. నాకు అది దగ్గర దగ్గర నెల రోజుల ట్రిప్పులు. రెండు నెలల్లో నా బండి నుంచి అంతకంటే ఎక్కువే పోయింది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

పిన్ వాల్వులు రెండూ మార్చి, మూతలు పెట్టి, నైట్రోజన్ 150 పీఎస్ఐ ఎక్కించాడు. కొన్ని చోట్ల పంక్చర్ షాపు గాలితో ఇదే పని చేస్తారు. ఆ గాలిలో తేమ ఉంటుంది, అది లోపలికి పోతే ఆయిల్‌తో కలిసి పైపులను తినేస్తుంది. నైట్రోజన్ పొడిగా ఉంటుంది. తర్వాత సబ్బు నురగతో, బండి ముందు భాగంలో గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ నుంచి కంప్రెసర్ దాకా అన్ని జాయింట్లూ చూశాడు. కంప్రెసర్ ముందు సీలు దగ్గర అద్దం పెట్టి మరీ చూశాడు. ఎక్కడా బుడగ లేదు. 14,000 ఖర్చు చెప్పిన ఆ కంప్రెసర్ చక్కగా ఉంది. మధ్యాహ్నం మూడింటికి మీటరు ముల్లు ఉన్నచోట పెన్నుతో గీత గీసి, టైము రాసి, "బండి ఈడనే ఉండనీ, తెల్లారి రా" అన్నాడు.

పొద్దున ఏడింటికి పోతే ముల్లు 121 దగ్గర ఉంది. భాయ్ అప్పుడు చెప్పిన సంగతి కూడా రాయాలి. ఎండలో పెట్టిన 150, తెల్లవారి చల్లబడ్డప్పుడు దానంతట అదే నాలుగైదు దిగుతుందట. వేడి తగ్గితే లోపలి ఒత్తిడి తగ్గుతుంది, అది లీకు కాదు. అది తెలియని వాళ్ళు లేని లీకు కోసం రోజంతా వెతుకుతారు. నాది 29 దిగింది, అందులో అనుమానం లేదు. బయట కనిపించే భాగాలన్నీ బాగున్నాయంటే ఇక మిగిలింది ఒకటే, డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్.

అయినా డాష్‌బోర్డు విప్పే ముందు ఇంకో పరీక్ష చేశాడు. నైట్రోజన్ వదిలేసి, కొంచెం ఏసీ గ్యాస్ పెట్టి, దాని మీద మళ్ళీ నైట్రోజన్ ఎక్కించాడు. బ్లోయర్ ఆపేసి పావుగంట ఆగాడు. ఈ గ్యాస్ గాలి కంటే బరువు, కిందికి దిగుతుంది. ఏసీ వేసినప్పుడు బండి కింద నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడే గొట్టం ఉంటుంది కదా, దాని నోటి దగ్గర లీక్ డిటెక్టర్ ముక్కు పెట్టాడు. అప్పటిదాకా టిక్, టిక్ అని మెల్లగా కొట్టుకుంటున్నది ఒక్కసారిగా గబగబా అరిచింది. తీశాడు, సద్దుమణిగింది. మళ్ళీ పెట్టాడు, అరిచింది. మూడుసార్లు చేసి, "ఇప్పుడు విప్పుదామన్నా, ఊరికే విప్పి నీ డబ్బులు తినకూడదు" అన్నాడు.

డాష్‌బోర్డు విప్పడమంటే నాకు టెన్షన్. ఒకసారి విప్పిన బండి తర్వాత కిరకిరలాడుతుందని అందరూ అంటారు. ముందు బ్యాటరీ తీగ తీసి కాసేపు ఆగారు, ఎయిర్‌బ్యాగ్ కోసమట. స్క్రూలన్నీ కుర్రాడు పాత ఇడ్లీ రేకు గుంటల్లో వరసగా పెట్టాడు, ఏ గుంటలోవి ఎక్కడివో తెలిసేలా. వైర్ల క్లిప్పులు తీసే ముందు ప్రతిదీ ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. ఆ కుర్రాడి చెయ్యి చాలా నెమ్మది. ప్లాస్టిక్ లాక్ ఒక్కటి కూడా విరగలేదు.

కాయిల్ బయటికి వచ్చింది. అది చూసి సిగ్గుపడ్డాను. రేకుల మధ్య దుమ్ము, వేపాకు ముక్కలు, వెంట్రుకలు తడిసి ముద్దై పట్టి ఉన్నాయి. గ్లవ్ బాక్స్ వెనక ఉండాల్సిన క్యాబిన్ ఫిల్టర్ నా బండిలో లేనే లేదు. ఎప్పుడో సర్వీసులో తీశారు, నేను అడగలేదు. ఏసీ వేసిన మొదటి నిమిషం తడిమట్టి వాసన వస్తుంటే దేవుడి దగ్గరికి పోయే బండి కదా అని అగరుబత్తి పెట్టాను తప్ప లోపల ఏముందో ఆలోచించలేదు. ఆ తడి చెత్త నెలల తరబడి అంటుకుని ఉండి అల్యూమినియాన్ని తినేసింది.

కుర్రాడు కాయిల్‌కు ఒకవైపు బిగించి మూసి, ఇంకోవైపు నైట్రోజన్ గొట్టం తగిలించి నీళ్ళ టబ్బులో ముంచాడు. సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టే. ముందు రేకుల్లో ఇరుక్కున్న గాలి బుడబుడమని పోయింది. నీళ్ళు నిలకడ అయ్యాక కింది ఎడమ మూల నుంచి ఆవగింజంత బుడగలు, ఒకదాని వెనక ఒకటి, దారానికి గుచ్చినట్టు పైకి వచ్చాయి. నేను మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. రెండు నెలలుగా నా సంపాదన పోయిన చిల్లు అది. కంటికి ఆనదు. ఆ మూల వేలితో తాకితే జిడ్డుగా, కొంచెం పచ్చగా ఉంది.

అతుకు వేయొచ్చా అని అడిగాను. ఆ గొట్టం గోడ పలచన, ఒక చోట తిన్నదంటే పక్కన కూడా తిని ఉంటుంది, అతుకు వేస్తే మూడు నెలలకు మళ్ళీ ఇదే డాష్‌బోర్డు విప్పాలన్నాడు. కొత్త కాయిల్ 4,200. డాష్‌బోర్డు ఎలాగూ విప్పి ఉంది కాబట్టి ఎక్స్‌పాన్షన్ వాల్వు కూడా మార్చమన్నాడు, అది 950. కొనే ముందు రెండింటికీ నాకు ఫోన్ చేసి అడిగాడు.

బిగించేటప్పుడు చూసినవి రెండు చెబుతాను. జాయింట్లలో ఉండే పాత ఓరింగులు (రబ్బరు రింగులు) ఒక్కటి కూడా తిరిగి వాడలేదు. కొత్తవి పచ్చరంగువి, ఒక్కొక్కటి ఏసీ ఆయిల్‌లో ముంచి, వేలితో చుట్టూ రాసి, మెలిక పడకుండా కూర్చోబెట్టాడు. పొడిగా పెడితే బిగించేటప్పుడు నలిగిపోయి అక్కడే కొత్త లీకు మొదలవుతుందట. కండెన్సర్ పక్కనుండే డ్రయ్యర్ కూడా మార్చాడు. తేమను పీల్చేది అది. సిస్టం విప్పి గాలి తగిలాక పాతది పనికిరాదు.

తర్వాత 45 నిమిషాలు వ్యాక్యూమ్. గాలిని లాగేయడం ఒకటైతే, అంత తక్కువ ఒత్తిడిలో లోపలి తేమ మామూలు వేడికే ఆవిరై బయటికి వస్తుంది. అది మిగిలిపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచు కట్టి అడ్డుపడుతుంది. పంపు ఆపి ఇంకో అరగంట ముల్లు చూశాడు, కదల్లేదు. మొదట్లో నేను అనుకున్నట్టు వ్యాక్యూమ్ నిలిస్తే చాలు, లీకు లేనట్టేనా అంటే కాదట. లోపలికి లాగేటప్పుడు మూసుకుని, బయటికి తోసేటప్పుడు తెరుచుకునే చిల్లులు ఉంటాయి. అందుకే కొత్త కాయిల్ పెట్టాక కూడా నైట్రోజన్ పరీక్ష ఇంకోసారి చేసి, ఆ తర్వాతే వ్యాక్యూమ్ పెట్టాడు. కాయిల్‌తో పోయిన ఆయిల్ కొలిచి పోసి, గ్యాస్ డిజిటల్ తూకం మీద సరిగ్గా 400 గ్రాములు ఎక్కించాడు. బయట 39 డిగ్రీలు. మధ్య గ్రిల్‌లో పెట్టిన థర్మామీటర్ పది నిమిషాల్లో 9కి దిగింది.

మొత్తం 11,300 రూపాయలు. అందులో లీకు పరీక్షకు 600, డాష్‌బోర్డు విప్పి బిగించిన కూలీ 3,500, క్యాబిన్ ఫిల్టర్ 300. నాకు ఇది న్యాయంగానే అనిపించింది. ముందు రెండుసార్లు పోసిన 4,000కు నా దగ్గర చూపించడానికి ఏమీ మిగల్లేదు. ఇక్కడ మార్చిన సామాన్లన్నీ, పాత కాయిల్‌తో సహా, గోనెసంచిలో వేసి చేతికి ఇచ్చాడు.

నచ్చనివి కూడా చెప్పాలి. రెండున్నర రోజులు పట్టింది. మొదటి రోజు ఎనిమిది, తొమ్మిది వేలు అవుతుందన్నాడు, చివరికి రెండు వేలు పైగా పెరిగింది. కాయిల్‌కు, వాల్వుకు ఫోన్ చేసి అడిగినా, డ్రయ్యర్ సంగతి బిల్లులో చూసేదాకా నాకు చెప్పలేదు. రోజు కూలి మీద బతికే మాలాంటివాళ్ళకు ముందే మొత్తం చెబితే అప్పు సర్దుకోవడానికి వీలవుతుంది. ఈ మాట ఆయనతోనే అన్నాను, సరే అన్నాడు. కూర్చోవడానికి ఒక స్టూలు తప్ప ఏమీ లేదు. డాష్‌బోర్డు కింద దూరి ఉన్నప్పుడు ఫోన్ ఎత్తడు. బిల్లు అంటే తెల్ల కాగితం మీద రాసిచ్చే లెక్క, కంపెనీ బండ్లవాళ్ళకు అది కుదరదు.

నెల రోజులకు రమ్మన్నాడు, పోయాను. డిటెక్టర్ పెట్టి అన్నిచోట్లా చూసి, డబ్బు తీసుకోకుండా పంపాడు. ఇప్పటికి నాలుగు నెలలు దాటింది. ఒంటిగంట ఎండలో కాళహస్తి పోయి వచ్చినా వెనక సీటులోవాళ్ళు ఫ్యాన్ తగ్గించమని అడుగుతున్నారు. డాష్‌బోర్డు కిరకిరలాడడం లేదు.

పోయేవాళ్ళు ఉదయం తొమ్మిదిలోపే పోండి, సాయంత్రం పోతే పరీక్షకు పెట్టడానికి రోజు దాటిపోతుంది. ముందురోజు ఎక్కడో గ్యాస్ నింపించుకుని పోవద్దు, ఆ డబ్బు వృథా. లీక్ స్టాప్ ఎప్పుడైనా పోయించి ఉంటే దాచకుండా చెప్పండి. గ్యాస్ ఏ తేదీన నింపించారో, ఏ తేదీకి చల్లదనం తగ్గిందో రాసుకుని పోండి. ఆయన మొదట అడిగేది అదే.